కూత వినగానే మూత తీశారు

ప్రెషర్ కుక్కరు మన వంటిళ్ళలోకి వచ్చిన కొత్తలో దాని కూతకి బెదరని ఇల్లాలు లేదంటే అతిశయోక్తి కాదు. మూడు కూతలు రాగానే పప్పు వుడికిపోయిందని సంబరపడి, స్టవ్ ఆర్పీ ఆర్పగానే మూత లాగబోయి చెయ్యి కాల్చుకున్నవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా వుంటారు. (మా ఇంట్లో ఆ ఘనత నాదే.) ఆ కూత వుడికిందని చెప్పడానికే గాని, మూత తియ్యమని చెప్పడానికి కాదు. లోపలి ఆవిరి దానంతట అది చల్లారాలి. కూతకీ, మూత తియ్యడానికీ మధ్య ఓ పది నిమిషాలుంటాయే, ఆ పది నిమిషాలూ ఓపిక పట్టడమే అసలు విద్య.

చిన్న వంటింటి పాఠం కదా అనుకుంటాం. కాని నూరేళ్ళ క్రితం ఒక మహానగరం మొత్తానికి మొత్తం ఇదే పొరపాటు చేసింది. అక్కడా కూత కూసింది, జనం మూత తీసేశారు. ఆ కథ చెబుతాను, వినండి.

అది 1918వ సంవత్సరం. ప్రపంచాన్నంతటినీ ఒక విషజ్వరం చుట్టుముట్టింది. దానికి స్పానిష్ ఫ్లూ అని పేరు. ఆ పేరు వెనకే ఒక అన్యాయం వుంది. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవడంతో, యుద్ధంలో దిగిన దేశాలు తమ పత్రికల నోళ్ళు కట్టేశాయి. మన సైనికులు జ్వరాలతో పడిపోతున్నారని శత్రువుకి తెలిస్తే ఇంకేమైనా వుందా! స్పెయిను ఆ యుద్ధంలో లేదు. అక్కడి పత్రికలు వున్నది వున్నట్టు రాశాయి. తమ రాజు పదమూడో అల్ఫాన్సో మంచం పట్టిన సంగతి కూడా దాచలేదు. దాంతో జబ్బు అక్కడే పుట్టిందని లోకం అనేసుకుంది. ఇంట్లో అందరికీ జలుబున్నా, పైకి తుమ్మిన కోడలికే పేరొచ్చినట్టన్నమాట.

ఆ శరదృతువులో అమెరికాలో రెండు నగరాలు రెండు దారులు తొక్కాయి. ఫిలడెల్ఫియాలో సెప్టెంబరు 28న యుద్ధ రుణపత్రాల ప్రచారం కోసం పెద్ద వూరేగింపు తలపెట్టారు. జబ్బు వూళ్ళోకి వచ్చిందని తెలుసు. కొందరు వైద్యులు వద్దని మొత్తుకున్నారు కూడా. ఆరోగ్యశాఖ అధిపతి డాక్టర్ విల్మర్ క్రూసెన్ ఆపలేదు. సుమారు 2 లక్షలమంది వీధుల్లో భుజం భుజం రాసుకుంటూ నిలబడి చూశారు. మూడు రోజులు తిరిగేసరికి ఆస్పత్రుల్లో ఖాళీ మంచం లేదు. ఆరు వారాల్లో 12 వేలమందికి పైగా పోయారు. సెయింట్ లూయిస్ నగరంలో ఆరోగ్యాధికారి డాక్టర్ మాక్స్ స్టార్క్‌లాఫ్ మాత్రం మొదటి కేసులు కనిపించిన రెండుమూడు రోజుల్లోనే, అక్టోబరు 7న, బళ్ళూ, థియేటర్లూ, చర్చీలూ మూయించేశాడు. వర్తకులు సణిగినా వినలేదు. తర్వాత చరిత్రకారులు 24 వారాలకి లెక్క కట్టి చూస్తే, ఫిలడెల్ఫియాలో లక్షమందికి 748 మరణాలు, సెయింట్ లూయిస్‌లో 358.

ఇంతవరకూ చాలామంది చెప్పుకునే కథే. చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. అంత చక్కగా తలుపులు మూసిన సెయింట్ లూయిస్ కూడా తెరిచేటప్పుడు తడబడింది. నవంబరులో ఆంక్షలు సడలించగానే జబ్బు మళ్ళీ తలెత్తింది. మళ్ళీ మూయవలసి వచ్చింది. మూయడం ఒక విద్య, తెరవడం ఇంకో విద్య. ఈ రెండో విద్యలో లోకమంతా నేర్చుకోదగ్గ పాఠం శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది.

అమెరికా పడమటి తీరాన, 5 లక్షల జనాభా వున్న రేవుపట్నం అది. ఆరోగ్యాధికారి డాక్టర్ విలియం హాస్లర్ మొదట్లో ధీమాగానే మాట్లాడాడు. అక్టోబరు మధ్యకొచ్చేసరికి ధీమా సడలిపోయి, బళ్ళూ, థియేటర్లూ, నాట్యశాలలూ మూయించాడు. కోర్టు విచారణలు ఆరుబయట కుర్చీలు వేసుకుని జరుపుకున్నారు. అక్టోబరు 24న నగరపాలక సభవారు ఇంకో అడుగు ముందుకు వేసి, వీధిలోకి వచ్చే ప్రతివాళ్ళూ మూతికి మాస్కు కట్టుకోవాలని చట్టం చేశారు. కట్టుకోకపోతే 5 నుంచి 100 డాలర్ల దాకా జరిమానా, లేకపోతే పది రోజుల జైలు.

మాస్కంటే ఇప్పుడు మనకి తెలిసినట్టివి కావు. గాయాలకి కట్టే పల్చటి గాజుగుడ్డని నాలుగు మడతలు వేసి కుట్టినవి. రెడ్ క్రాస్ మహిళలు రాత్రింబగళ్ళు కూర్చుని కుట్టారు. ఒక్కొక్కటి పది సెంట్లు. అక్టోబరు 26 నాటికి లక్ష మాస్కులు పంచారంటే ఆ వేళ్ళు ఎంత నొప్పి పుట్టాయో వూహించుకోండి! ఆడవాళ్ళలో కొందరు మాస్కు బదులు షిఫాన్ ముసుగు అందంగా వేలాడదీసుకున్నారు. మగవాళ్ళు కొందరు చుట్ట కాల్చుకోవడానికి మాస్కుకి చిల్లు పెట్టుకున్నారు. ఇల్లంతా తలుపులు బిగించి, దొడ్డిగుమ్మం తెరిచి పెట్టినట్టుంది కదూ!

ఇక్కడే మనం కాస్త ఆగి చూడవలసిన సంగతి ఒకటి వుంది. ఆ మాస్కుల గురించి జనానికి ఏమని చెప్పారు? మేయరూ, ఆరోగ్యశాఖా, రెడ్ క్రాసూ కలిసి పత్రికల్లో పెద్ద ప్రకటన వేశారు. గాజుగుడ్డ మాస్కు నూటికి 99 పాళ్ళు జబ్బుని ఆపుతుందన్నారు. కట్టుకోనివాడు దేశద్రోహి లాంటివాడని నింద వేశారు. యుద్ధకాలం గనక ఆ మాట సూదిలా గుచ్చుకునేది. పోలీసులు వందలమందిని పట్టుకుపోయారు. అక్టోబరు 28న నడివీధిలో, మాస్కు కట్టుకోనని మొండికేసిన ఒక కమ్మరికీ, ఒక ఆరోగ్య ఇన్‌స్పెక్టరుకీ ఘర్షణ ముదిరి తుపాకి పేలింది. దారినపోయేవాళ్ళకి కూడా గాయాలయ్యాయి.

అయితేనేం, జబ్బు తగ్గుముఖం పట్టింది. బళ్ళు మూసినందుకు తగ్గిందా, గుంపులు లేనందుకు తగ్గిందా, మాస్కు వల్ల తగ్గిందా? అన్నీ కలిసి వుండవచ్చు. హాస్లర్ మాత్రం ఘనత మాస్కుకే ఇచ్చాడు. నవంబరు 11న యుద్ధం ముగిసిందన్న వార్త వచ్చింది. జనం వేలకి వేలు మాస్కులతోనే వీధుల్లోకి వచ్చి గంతులేశారు. 16న థియేటర్లు తెరిచారు. ఆ రోజుల్లోనే పెద్దమనుషులంతా కుస్తీలాంటి ముష్టియుద్ధపు పోటీ ఒకటి చూడ్డానికి వెళ్ళారు. అక్కడ తీసిన ఫోటో ఒకటి బయటపడింది. చూస్తే ఏముంది, మేయరు జేమ్స్ రాల్ఫ్‌గారి మూతికి మాస్కు లేదు. హాస్లర్‌గారికీ లేదు! చట్టం చేసినవారూ, చేయించినవారూ ఇద్దరూ జరిమానా కట్టవలసి వచ్చింది. ‘చెప్పేవి శ్రీరంగ నీతులు’ అన్న మాట ఇంగ్లీషులో ఏమంటారో గాని, ఆ వూరి ఆడవాళ్ళు కాఫీ బల్లల దగ్గర ఆ మాట అనుకోకుండా వుంటారా?

నవంబరు 21, గురువారం. మధ్యాహ్నం పన్నెండింటికి మాస్కు చట్టం ఎత్తేస్తున్నామనీ, సరిగ్గా ఆ వేళకి కూత వినిపిస్తుందనీ ముందే చాటించారు. జనం గడియారాలు చూసుకుంటూ ఎదురు చూశారు. పన్నెండయింది. వూరంతా వినబడేలా కూత కూసింది. దాదాపు నాలుగు వారాలుగా మూతికి బిగించిన గుడ్డలు ఒక్క క్షణంలో వూడిపోయాయి. కొందరు గాలిలోకి విసిరేశారు. కొందరు కాళ్ళకింద వేసి తొక్కారు. కాలిబాటలన్నీ తెల్లటి గుడ్డపీలికలతో నిండిపోయాయి.

ఆ దృశ్యం తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. నాలుగు వారాలు ఆ గుడ్డలోంచి వూపిరి పీల్చినవాళ్ళకి ఆ సంతోషం వుండదా మరి? ఆ సంతోషంలో తప్పు లేదు. తప్పు కూతలో వుంది. ఆ కూత జనానికి ఒక్కటే మాట చెప్పింది: అయిపోయింది! లోపల ఆవిరి ఇంకా వుందన్న మాట మిగిలిపోయింది.

డిసెంబరు మొదటి వారానికే కేసులు మళ్ళీ పెరిగాయి. హాస్లర్ మాస్కులు మళ్ళీ కట్టుకోండని బతిమాలాడు. ఈసారి వినేవాళ్ళేరీ? నూటికి తొంభైమంది పట్టించుకోలేదు. క్రిస్మస్ బేరాలు పాడైపోతాయని వర్తకులు గగ్గోలు పెట్టారు. ఆ నెలలోనే హాస్లర్ పేర ఒక పొట్లం వచ్చింది. విప్పితే బాంబు! అదృష్టవశాత్తు పేలలేదు. మాస్కు చట్టం మళ్ళీ తెద్దామన్న తీర్మానం నగరపాలక సభలో వీగిపోయింది. జనవరి వచ్చేసరికి ఒక్క రోజులో 600 కొత్త కేసులు. అప్పుడు తెలివి తెచ్చుకుని 1919 జనవరి 17 నుంచి చట్టం మళ్ళీ పెట్టారు.

కాని అప్పటికి జనం మనసు విరిగింది. ‘యాంటీ మాస్క్ లీగ్’ అని ఒక సంఘమే వెలిసింది. దానికి అధ్యక్షురాలు మిసెస్ హారింగ్టన్ అనే ఆవిడ. కాలిఫోర్నియాలో ఆడవాళ్ళకి ఓటు వచ్చింది 1911లో. ఆ హక్కు కోసం పోరాడినవారిలో ఆవిడా ఒకరు. జనవరి 25న వాళ్ళు పెట్టిన సభకి రెండువేలమందికి పైగా వచ్చారు. ఫిబ్రవరి 1న చట్టం ఎత్తేశారు. ఆ చలికాలం గడిచి లెక్క చూసుకుంటే ఆ ఒక్క వూళ్ళోనే 45 వేలమందికి జబ్బు చేసింది. 3 వేలమందికి పైగా చనిపోయారు. లక్ష జనాభాకి లెక్క వేస్తే 673 మరణాలు. ఫిలడెల్ఫియాకి ఎంతో దూరంలో లేదు.

ఆ సభకి వెళ్ళినవాళ్ళందరినీ మూర్ఖులని తీసిపారెయ్యడం తేలిక. నేను మాత్రం అలా అనలేను. వాళ్ళు చేసింది ప్రమాదమే. కాని వాళ్ళ కోపానికి ఒక కారణం వుంది. తర్వాత, 1920లో, కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్యశాఖకి చెందిన డాక్టర్ కెల్లాగ్ పరీక్షలు చేసి చూస్తే, ఆ పల్చటి గాజుగుడ్డ మాస్కులు చెప్పినంత అడ్డేమీ కావని తేలింది. (ఇప్పటి ఆస్పత్రి మాస్కుల సంగతి వేరు, ఆ గుడ్డ వేరు, ఈ నేత వేరు.) నూటికి 99 పాళ్ళని పత్రికలో చదివిన ఇల్లాలు, శ్రద్ధగా మాస్కు కట్టి పంపిన కొడుక్కే జ్వరం వస్తే ఇంకెవరి మాట నమ్ముతుంది? ‘ఇది కొంతవరకు కాపాడుతుంది, గుంపుల్లోకి వెళ్ళకండి, కిటికీలు తీసి వుంచండి, తగ్గింది గాని పోలేదు, మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ చెబుతాం’ అని వుంటే ప్రకటన అంత గంభీరంగా వుండకపోవచ్చు. కాని డిసెంబరులో జనం ఆ మాట గుర్తు చేసుకుని వుండేవారు. మనకి తెలియనిది తెలియదని చెప్పినవాళ్ళనే రెండోసారి కూడా నమ్ముతాం. అది పాలవాడి విషయంలోనైనా అంతే, ప్రభుత్వం విషయంలోనైనా అంతే.

ఇంతకీ ఆ రోజుల్లో మన దేశం సంగతేమిటి? 1918 జూనులో ఓడలమీద ఆ జబ్బు బొంబాయి రేవులో దిగింది. వానాకాలంలో కాస్త తగ్గినట్టే తగ్గి, సెప్టెంబరుకి పులిలా తిరిగి వచ్చింది. అక్టోబరు 6న ఒక్క రోజున బొంబాయి నగరంలో నమోదైన మరణాలు 768. దేశం మొత్తంమీద పోయినవాళ్ళు కోటీ 20 లక్షలనీ, కోటీ 80 లక్షలనీ అంచనాలున్నాయి. మన జనాభా లెక్కల చరిత్రలో జనసంఖ్య తగ్గిన దశాబ్దం 1911 నుంచి 1921 వరకూ వున్న ఆ ఒక్కటే.

అందులోనూ మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎక్కువమంది పోయారు. ఎందుకో మనకి వేరే చెప్పాలా? జ్వరం వచ్చినవాడి పక్కన కూర్చుని గంజి తాగించేది ఎవరు? తను మిగిలింది తిని, తనకి జ్వరం వచ్చినా లేచి పొయ్యి రాజేసేది ఎవరు? జాగ్రత్తలు చెబుతూ కరపత్రాలు అచ్చువేసి పంచారట. 1921 లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. రోగి దగ్గర వున్నది చదువురాని ఇల్లాలు, కరపత్రం వున్నది వీధి అరుగుమీద. మధ్యలో ఒక గడప. ఆ గడప దాటి మాట లోపలికి రాలేదు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి వీల్లేకుండా మన కళ్ళముందే ఇంకోసారి జరిగింది. 2020 మార్చిలో తలుపులు మూసుకున్నాం. జూను నుంచి ఒక్కొక్కటే తెరిచారు. సెప్టెంబరులో రోజుకి లక్షకి చేరువైన కేసులు, 2021 ఫిబ్రవరి నాటికి పదివేలకి దిగాయి. ఎవరూ సైరను మోగించలేదు గాని, మనందరి చెవుల్లో ఏదో కూత వినిపించింది. నేను మాస్కులన్నీ వుతికి, ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టేశాను. ఏడాదిగా వాయిదా పడ్డ పెళ్ళిళ్ళన్నీ మార్చిలో వరసకట్టాయి. మా బంధువుల పెళ్ళికి మూడు వందలమందిమి వెళ్ళాం. చాలా రోజులకి కలిశామని ఒకళ్ళనొకళ్ళం వదల్లేదు. మా మేనత్త నా పక్కనే కూర్చుని, నా విస్తట్లో తన బూరె వేసి, ‘తినవే, నువ్వు చిక్కిపోయావు’ అంది. మే మొదటివారంలో దేశంలో రోజుకి 4 లక్షల కేసులు. మే నెలాఖరుకి మా మేనత్త లేదు.

ఆ పెళ్ళిలోనే వచ్చిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. పిలిచినవాళ్ళని తప్పుపట్టలేదు, వెళ్ళిన నన్ను నేనూ పూర్తిగా క్షమించుకోలేదు. కాని ఒక్క మాట ఇప్పటికీ మనసులో తిరుగుతూ వుంటుంది. ‘తెరవండి’ అని ఒకరూ, ‘మూయండి’ అని ఒకరూ చెప్పారే గాని, ఎలా తెరవాలో, ఎంత తెరవాలో, ముందు ఏ కిటికీ, తర్వాత ఏ తలుపో, మనకి అర్థమయ్యే భాషలో ఎంతమంది చెప్పారు? చెబితే మాత్రం మనం విన్నామా?

మా నాయనమ్మకి ఆ భాష తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, ముందు గుమ్మానికి వేపమండ కట్టేది. అంతే, వీధి వీధంతా సంగతి తెలిసిపోయేది. చదువు వచ్చినా రాకపోయినా ఆ మండని చదవలేనివాళ్ళు లేరు. పక్కింటి పిన్నిగారు గడప అవతలే నిలబడి పలకరించి, కావలసినవి అరుగుమీద పెట్టి వెళ్ళేది. ఇక తెరవడం చూడండి. జ్వరం తగ్గగానే సరి కాదు. పొక్కులు మాడి, చెక్కు కట్టాలి. అప్పుడు వేపాకు నీళ్ళతో మొదటి స్నానం. మళ్ళీ రెండు రోజులాగి ఇంకో స్నానం. ఆ తర్వాత గుడికి చలివిడీ, పెరుగన్నం. ఆ పైన బడి. ‘నాకు బాగానే వుందిగా నాయనమ్మా’ అని ఎంత గోల పెట్టినా, ‘నీకు బాగానే వుంది, ఎదురింటి చంటిదాని మాటేమిటి?’ అనేది.

ఆవిడ నమ్మకాలన్నీ శాస్త్రమని నేననను. మశూచి పోయింది టీకాలతో గాని వేపమండలతో కాదు. మన దేశంలో ఆఖరి మశూచి కేసులు 1975లో వచ్చాయి, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అయినా పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా ఆటలమ్మ అంటుకుంటుందని ఇప్పటి డాక్టర్లూ అంటారు. క్రిమి పేరు తెలియని ఆవిడ, ఆ గడువు మాత్రం తప్పకుండా పాటించింది. ముఖ్యంగా, ఇతరులకి చెప్పిన నియమం తనూ పాటించేది. ఆ పది రోజులూ ఇంట్లో పోపు వెయ్యకూడదంటే, ఆవిడా చప్పిడి కూడే తినేది.

ఆ వేపమండని ఎప్పుడు తీసేదో మాకు తెలిసేది కాదు. తీసిన రోజు కూతా లేదు, సంబరమూ లేదు. బడికి వెళుతూ వెనక్కి చూస్తే గుమ్మం ఖాళీగా వుండేది. ఎండిన ఆకులు పెరట్లో తులసికోట మొదట్లో కనిపించేవి.